కూతగాడు ఊరివాడు, పట్టు కాలేజీది: నగరి ప్రాంతపు కబడ్డీ

తమిళనాడు సరిహద్దు దగ్గరి నగరి, పుత్తూరు లాంటి చిన్న పట్టణాల డిగ్రీ కాలేజీల్లో కబడ్డీ జట్టు ఏటా కొత్తగా తయారవుతుంది. మూడేళ్ళ చదువు కాబట్టి ప్రతి వేసవికీ ఫైనలియర్ వాళ్ళు వెళ్ళిపోతారు. వాళ్ళ స్థానాల్లో ఇంటర్ ముగించుకుని పల్లెల నుంచి వచ్చిన కొత్తవాళ్ళు నిలబడతారు. జట్టుకు 12 మంది, బరిలోకి దిగేది ఏడుగురు. యూనివర్సిటీ స్థాయి పోటీల నాటికి ఈ ఏడుగురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కదలడం నేర్చుకోవాలి. చిన్న కాలేజీ కబడ్డీ సీజన్‌లో జరిగే అసలు పని ఇదే. కూతకు వెళ్ళేవాడు ఊళ్ళోనే తయారై వస్తాడు, పట్టు మాత్రం కాలేజీ గ్రౌండులో కుదరాలి.

చెడుగుడు నుంచి కబడ్డీకి

ఈ ప్రాంతంలో పాతకాలం వాళ్ళు ఈ ఆటను ఇప్పటికీ చెడుగుడనే అంటారు. నగరి దాటి తిరుత్తణి వైపు వెళితే తమిళ పల్లెల్లో అదే సడుగుడు. మహారాష్ట్రలో హుతుతు, బెంగాల్లో హాడుడు. ఊపిరి బిగబట్టి ఒకే మాటను వదలకుండా పలకడం వీటన్నిటికీ ప్రాణం, పేర్లు పుట్టింది కూడా ఆ పలికే మాటల నుంచే. నగరిలో మరమగ్గాల వీధుల్లోనూ ఏకాంబరకుప్పంలోనూ రెండు భాషలూ కలగలిసి వినిపిస్తాయి. బరిలోనూ అంతే. ఒకే జట్టులో ఒకడు ‘పట్టు’ అంటే పక్కవాడు ‘పిడి’ అంటాడు, ఇద్దరికీ అర్థమవుతుంది.

పాత ఆటలో మూడు పద్ధతులుండేవి. సంజీవనిలో ఔటైనవాడు తన జట్టుకు పాయింటు రాగానే తిరిగి లోపలికి వస్తాడు. గామినిలో ఒకసారి బయటికి వెళ్ళినవాడు జట్టంతా ఔటయ్యేదాకా బయటే. అమర్‌లో ఔటైనా బరి విడవక్కర్లేదు, పాయింట్లు మాత్రం లెక్కకొస్తాయి. నేటి కబడ్డీ సంజీవని మీద నిలబడింది. నియమాలను కాగితం మీద పెట్టే పని 20వ శతాబ్దం మొదటి పాతికేళ్ళలో మహారాష్ట్ర, బరోడా ప్రాంతాల్లో సాగింది. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో మహారాష్ట్రలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ ఈ ఆటను ప్రపంచానికి చూపించింది. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది. పురుషుల తొలి జాతీయ పోటీలు 1952లో నగరికి దగ్గరి మహానగరమైన మద్రాసులోనే జరిగాయి. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ పతకాల ఆటైంది. మహిళలకు ఆ అవకాశం 2010 గ్వాంగ్‌జౌలో దక్కింది.

బరి, గీతలు

పురుషుల బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. మహిళలకు 12, 8 మీటర్లు. నడిగీత దాన్ని రెండు సగాలు చేస్తుంది. పురుషుల బరికి రెండు పక్కలా మీటరు వెడల్పున లాబీలుంటాయి. కూతకు వెళ్ళిన రైడరు ఎవరినైనా ముట్టుకునేదాకా ఆ లాబీ ఆటలో లేని నేల, కాలు పెడితే ఔటే. ముట్టుకుని పెనుగులాట మొదలయ్యాక అదే లాబీ బరిలో భాగమైపోతుంది. కొత్తవాళ్ళు మొదట తడబడేది ఈ నియమం దగ్గరే.

లాబీలు తీసేస్తే ఒక జట్టు కాపాడుకోవలసిన నేల ఆరున్నర మీటర్లకు ఎనిమిది, అంటే 52 చదరపు మీటర్లు. ఏడుగురికి పంచితే ఒక్కొక్కరికి ఏడున్నర చదరపు మీటర్ల కన్నా తక్కువే. నడిగీతకు 3.75 మీటర్ల దూరంలో బాక్ లైను, దానికి మీటరు అవతల బోనస్ లైను. బోనస్ లైనుకూ వెనక గీతకూ మధ్య మిగిలేది 1.75 మీటర్లే. బోనస్‌కు ప్రయత్నించే రైడరు ఆ ఇరుకులో, కార్నర్లో కాచుకున్న మనిషికి చేయి అందే దూరంలో కాలు పెట్టాలన్న మాట.

చిన్న కాలేజీల్లో ఈ బరిని చాలాసార్లు ఆటగాళ్ళే తయారు చేసుకుంటారు. నేల తవ్వి, గులకరాళ్ళు ఏరి, మట్టి జల్లెడ పట్టి, ఇసుకో రంపపు పొట్టో కలిపి మెత్తన చేస్తారు. నీళ్ళు చల్లి అణచి, తాడు లాగి పట్టుకుని సున్నంతో గీతలు వేస్తారు. పెద్ద పోటీలు ఇప్పుడు మ్యాట్ మీద జరుగుతాయి. మట్టిలో ఉత్తకాళ్ళతో ఆడినవాడు మ్యాట్ మీద బూట్లతో ఆడాలంటే అడుగు మార్చుకోవాలి. మట్టి కాలిని కొంచెం జారనిస్తుంది, మ్యాట్ పట్టేస్తుంది. మట్టి మీద అలవాటైన మలుపునే మ్యాట్ మీద తిప్పితే భారమంతా మోకాలి మీద పడుతుంది. అందుకే పోటీలకు ముందు కొన్నాళ్ళైనా మ్యాట్ ఉన్న చోటికి వెళ్ళి ఆడాలని కాలేజీ ఫిజికల్ డైరెక్టర్లు (పీడీలు) పట్టుబడతారు.

కూత

పురుషుల ఆట 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, నడుమ 5 నిమిషాల విరామం. రైడుకు గడువు 30 సెకన్లు. అవతలి నేల తొక్కేలోపే కూత మొదలవ్వాలి. ‘కబడ్డీ’ అన్న మాట అంపైరుకు స్పష్టంగా వినపడుతూ ఉండాలి. ఆలస్యంగా మొదలైతే ఎదుటి జట్టుకు ఒక పాయింటు, రైడు అవకాశం కూడా వాళ్ళకే. లోపలికి వెళ్ళినవాడు ఎవరినైనా ముట్టాలి, లేదంటే కనీసం బాక్ లైను దాటి రావాలి. రెండూ లేకుండా తిరిగొస్తే ఔటే. వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది చావోరేవో. పాయింటు తేకపోతే ఆ రైడరు బయటికి.

చేతి విద్యలో మొదటిది చేతి టచ్. పరుగులో ఒక్కసారిగా నడుం వంచి, ఎదుటివాడి భుజాన్నో చేతినో తాకి అదే ఊపులో వెనక్కి మళ్ళడం. కాలి విద్యలో సులువుగా కనిపిస్తూ కష్టపెట్టేది టో టచ్. బరువంతా వెనక కాలి మీద ఉంచి, ముందు కాలి బొటనవేలిని నేలకు రాస్తూ ఎదుటివాడి పాదం వైపు చాపాలి. సైడ్ కిక్, బ్యాక్ కిక్, మ్యూల్ కిక్ వెంట తరుముకొచ్చేవాళ్ళ మీద పనికొస్తాయి. తిరిగి పోతున్నట్టే పోతూ వెనక్కి కాలు విసరడం వీటి కిటుకు. ఫ్రాగ్ జంప్‌లో కాళ్ళ మీదికి దూకినవాడి పైనుంచి రైడరు ఎగిరిపోతాడు. అజయ్ ఠాకూర్ పేరుతో కలిసి జనం నోట నానింది ఇదే. పర్దీప్ నర్వాల్ పేరు మోసిన డుబ్కీ దీనికి తలకిందులు. చుట్టూ మూగినవాళ్ళ చేతుల కిందుగా, ఛాతీ మోకాళ్ళకు ఆనేంతగా వంగి దూరిపోవడం.

బోనస్ లెక్క వేరు. ఎదుట ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే అది దొరుకుతుంది. ఒక పాదం బోనస్ లైను పూర్తిగా దాటి నేల తాకాలి, అదే క్షణంలో రెండో పాదం గాలిలో ఉండాలి. ఎవరినీ ముట్టకుండానే ఒక పాయింటు వస్తుంది. అయితే ఔటైన సొంత ఆటగాడు దానితో లోపలికి రాడు. టచ్ పాయింటు మాత్రం ఒకణ్ణి బయటికి పంపి ఒకణ్ణి వెనక్కి తెస్తుంది. స్కోరుబోర్డు మీద రెండూ ఒకటే అయినా, బరిలో తలల లెక్క చూసుకునే కెప్టెనుకు ఒకటి కాదు.

పల్లె కుర్రాళ్ళు కాలేజీకి వచ్చేసరికి ఈ కూత విద్య చాలామట్టుకు వచ్చి ఉంటుంది. సంక్రాంతికి, జాతరలకు ఊళ్ళల్లో పెట్టే పోటీల్లో, స్కూలు గేమ్స్‌లో రాటుదేలి ఉంటారు. మెలకువలు, వేగం, ధైర్యం ఉంటాయి. పదిమంది చూసేది, చప్పట్లు కొట్టేది కూడా కూతగాడికే. కాబట్టి ఊళ్ళో అందరూ కూతగాళ్ళు కావాలనుకుంటారు. పట్టు పట్టేవాడు కావాలని కోరుకుని వచ్చేవాళ్ళు అరుదు.

పట్టు

ఏడుగురి వరసలో చెరో చివర కార్నర్లు, వాళ్ళ పక్కన ఇన్‌లు, ఆ పక్కన కవర్లు, నడుమ సెంటరు. రెండు పక్కలా ఇద్దరిద్దరు, మధ్యలో ముగ్గురు చేతులు కలిపి నిలబడే 2-3-2 అమరిక ఎక్కువగా కనిపిస్తుంది. చేతులు కలిపిన ఈ వరసనే చైన్ అంటారు. రైడరు ఎటు కదిలితే అటు చైన్ వంగాలి. అతడు ఎడమ మూలకు వెళితే ఎడమవైపు వెనక్కి తగ్గుతుంది, కుడివైపు నడిగీత వైపు ముందుకు జరిగి తిరుగు దారి మూస్తుంది. రైడరు కాలు వెనక్కి తీయగానే మళ్ళీ సర్దుకుంటుంది. తలుపు తెరుచుకుని మూసుకున్నట్టుండే ఈ కదలిక ఏడుగురిలో ఒక్కడు ఆలస్యం చేసినా తెగిపోతుంది. రైడరు వెతికేది ఆ తెగిన చోటునే.

ఒంటరి పట్టుల్లో పేరున్నది యాంకిల్ హోల్డ్. రైడరు కాలు లోపలికి చాచిన క్షణంలో కార్నర్ ముందుకు దూకి మడమను రెండు చేతులా పట్టి, పొట్టకు అదుముకుని పైకెత్తాలి. నేల తప్పిన కాలికి బలముండదు. తొడ పట్టుకు దగ్గరగా రానివ్వాలి, పట్టిన చేతులు తొడ వెనక ఒకదాన్నొకటి పెనవేసుకోవాలి. నడుం పట్టు వెనకనుంచి. బ్లాక్ అంటే వెళ్ళే దారికి అడ్డంగా ఛాతీ పెట్టి నిలపడం. డ్యాష్ అంటే భుజంతో గుద్ది గీత బయటికి పంపడం. ఇది కవర్ల ఆయుధం.

నియమాలు పట్టుకు హద్దులు గీశాయి. ఒంటినీ కాళ్ళు చేతులనూ తప్ప జుట్టునో చొక్కానో పట్టుకోకూడదు. నోరు మూసి, గొంతు నొక్కి కూత ఆపకూడదు. కాళ్ళతో కత్తెర వేయకూడదు. గోళ్ళు కత్తిరించుకోవాలి, ఒంటికి నూనె రాసుకోకూడదు. హద్దు మీరితే ముందు ఆకుపచ్చ కార్డు, ఆపై పసుపు, చివరికి ఎరుపు. పసుపు కార్డు పడితే 2 నిమిషాలు బయట కూర్చోవాలి.

పట్టులో ఉన్న అసలు చిక్కు ఏమిటంటే, అది తప్పితే మూల్యం ఒకరితో పోదు. రైడరును ముట్టిన ప్రతివాడూ, అతడు నడిగీత అందుకోగలిగితే, ఔటే. నలుగురు మీదపడి వదిలేస్తే నాలుగు పాయింట్లు పోతాయి. పట్టు కుదిరితే వచ్చేది ఒక్క పాయింటే. అందుకే కోచ్‌లు నేర్పే మొదటి పాఠం ఓపిక. రైడరు దొరికే చోటికి రాకముందే తొందరపడి ముందుకు దూకడాన్ని అడ్వాన్స్ టాకిల్ అంటారు. చిన్న జట్లు గెలవాల్సిన మ్యాచ్‌లు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

ఏడుగురూ ఔటైతే లోనా. ఎదుటి జట్టుకు రెండు పాయింట్లు అదనంగా వెళతాయి, ఏడుగురూ తిరిగి లోపలికి వస్తారు. ముగ్గురు, ఇద్దరు మిగిలినప్పుడు చైన్ ఉండదు, మిగిలేది కన్నుల సైగే. ప్రో కబడ్డీ నియమాల్లో ఆ స్థితిలో పట్టిన పట్టును సూపర్ టాకిల్ అని రెండు పాయింట్లిస్తారు.

ఒక రైడు, దగ్గరగా

బరిలో ఆరుగురున్నారు. బోనస్ అందుబాటులో ఉంది. రైడరు నడిగీత దాటి నేరుగా రాడు, పక్కవాటుగా వస్తాడు. ఒక భుజం ఎదుటివాళ్ళ వైపు, ఒక భుజం తన ఇంటి వైపు. కూత ఒకే స్థాయిలో, పెదవులు కదిలీ కదలనట్టు సాగుతుంది. మొదటి 10 సెకన్లు అతడు ఎవరినీ ముట్టే ప్రయత్నం చేయడు, చైన్‌ను ఇటూ అటూ నడిపించి ఎవరి కాలు బరువుగా పడుతోందో చూస్తాడు. కార్నర్ చూపు అతడి ముఖం మీద ఉండదు, నడుం మీద ఉంటుంది. చేతులు, కళ్ళు మోసం చేస్తాయి గాని నడుం ఎటు తిరిగితే మనిషి అటే పోతాడని వాడికి నేర్పి ఉంటారు.

15 సెకన్లు దాటాక రైడరు కుడి మూలకు జారి, బోనస్ లైను వైపు కాలు చాస్తాడు. కార్నర్ కదలడు. కాలు వెనక్కి వెళుతుంది. మళ్ళీ చాస్తాడు, ఈసారి అరడుగు లోతుగా. ఇన్ తన చేతిలో ఉన్న కార్నర్ వేళ్ళను ఒకసారి నొక్కి వదులుతాడు. మూడోసారి పాదం గీత దాటేలోపే కార్నర్ నేలబారుగా దూకి మడమ అందుకుంటాడు. రైడరు ఒంటికాలి మీద వెనక్కి తిరిగి, నడిగీత వైపు ఒళ్ళంతా విసురుతాడు. ఇక్కడ కార్నర్ ఒక్కడే ఉంటే ఆట పోయినట్టే, చేయి చాస్తే గీత అందుతుంది. కానీ అవతలి కవర్ అప్పటికే రెండు అడుగులు ముందుకు వచ్చి దారిలో ఛాతీ అడ్డుపెట్టి ఉంటాడు. ఇన్ నడుం పడతాడు. కూత తెగుతుంది, విజిల్ పడుతుంది.

ఈ రైడులో పాయింటు కార్నర్ పేరున రాస్తారు. గెలిపించింది మాత్రం కంటికి కనపడని పని చేసిన కవర్. కార్నర్ దూకక ముందే వాడు కదిలాడు. ఎందుకు కదిలాడంటే, రెండోసారి కాలు అరడుగు లోతుగా పడినప్పుడు మూడోసారి కార్నర్ దూకుతాడని వాడికి తెలుసు. ఆ తెలియడం రోజూ సాయంత్రం ఒకే మనుషుల పక్కన నిలబడితే వచ్చేది. సంక్రాంతికి కలిసి ఆడి విడిపోయే జట్టుకు రాదు.

సీజన్ నడక

అడ్మిషన్లు ముగిసి క్లాసులు కుదురుకున్నాక నోటీసుబోర్డు మీద సెలెక్షన్స్ కాగితం పడుతుంది. పీడీ చూసేది మొదట బరువు, ఆ తర్వాత పరుగు, చివరికి ఆట. పురుషులకు 85 కిలోలు, మహిళలకు 75 కిలోలు మించకూడదు. యూనివర్సిటీ పోటీలకు వయసు 17 నుంచి 25 ఏళ్ళ మధ్య ఉండాలి.

సాధన వేళలు బస్సులను బట్టి ఉంటాయి. పల్లెల నుంచి వచ్చే విద్యార్థికి ఆఖరి బస్సు తప్పకూడదు కాబట్టి సాయంత్రం దొరికేది గంటా గంటన్నర. మొదట పరుగు, స్కిప్పింగ్, మోకాళ్ళు మడమలు సడలించే కసరత్తులు. కుశస్థలి ఏరు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. ఇసుకలో పరుగు పిక్కలకు చేసే మేలు గట్టి నేల చేయదు. తర్వాత జంటలుగా పట్టులు, ఆపై చైన్ కదలిక. రైడరు లేకుండా, పీడీ చేయి ఎటు చూపిస్తే అటు ఏడుగురూ వంగి సర్దుకునే ఈ సాధన చూసేవాళ్ళకు విసుగు పుట్టిస్తుంది. జట్టును జట్టుగా చేసేది మాత్రం అదే. చివరి 20 నిమిషాలు ఆట. తిండి విషయంలో ప్రత్యేక పట్టికలేవీ ఉండవు. సంగటి, చెనిగ్గింజలు, గుడ్డు ఈ సీమ కుర్రాళ్ళకు ఎప్పుడూ ఉన్నవే.

తర్వాత ఇంటర్ కాలేజియేట్ పోటీలు. 1954లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఒకప్పుడు నెల్లూరు, కడప జిల్లాల కాలేజీలకూ పెద్ద దిక్కు. కడపలో యోగి వేమన, నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయాలు వచ్చాక పరిధి తగ్గింది. మహిళలకు 1983లో వచ్చిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉంది. పోటీ సాధారణంగా నాకౌట్‌గా మొదలవుతుంది. చిన్న కాలేజీకి దీని అర్థం, నెలల తరబడి చేసిన సాధనకు ఖాయంగా దొరికేది ఒక్క మ్యాచే. ఓడితే ఆ సాయంత్రమే పుత్తూరు మీదుగా ఇంటి బస్సు. గెలిస్తే మరునాటికి జెర్సీలు ఉతికి ఆరేసుకోవాలి.

కాలేజీ జట్టు ఓడినా ఆటగాడి సీజన్ అక్కడితో ఆగనక్కర్లేదు. ఈ పోటీల్లో కనిపించిన ఆటను బట్టే యూనివర్సిటీ జట్టును ఎంపిక చేస్తారు. ఎంపికైనవాళ్ళకు కోచింగ్ క్యాంపు, ఆపై దక్షిణ మండల అంతర విశ్వవిద్యాలయ పోటీలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ జట్లు అక్కడ కలుస్తాయి. ముందు నిలిచిన జట్లు అఖిల భారత పోటీలకు వెళతాయి. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లోనూ కబడ్డీ ఉంది. యూనివర్సిటీ జట్టుకు కావలసింది సాధారణంగా పేరున్న కూతగాళ్ళనే అనుకుంటారు. కానీ మంచి కార్నర్లు కొద్దిమందే కాబట్టి ఊరూ పేరూ తెలియని కాలేజీ నుంచి వచ్చిన కార్నర్‌కు చోటు దొరికే వీలు ఎక్కువ.

జనవరిలో సంక్రాంతి. కాలేజీ జట్టు చీలి, ఎవరి ఊరి జట్టులో వాళ్ళు చేరి ఎదురెదురుగా ఆడతారు. 2022 జనవరిలో తిరుపతి ఇందిరా మైదానంలో జాతీయ స్థాయి ఆహ్వాన పోటీలు జరిగినప్పుడు పెద్ద జట్ల ఆటను ఈ ప్రాంతం వాళ్ళు దగ్గర నుంచి చూడగలిగారు. 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీల ఐదు ఆటల్లో కబడ్డీ కూడా ఒకటిగా ఉండేది. ఫిబ్రవరి దాటితే పరీక్షల గాలి వీస్తుంది, గీతల మీది సున్నం చెరిగిపోతుంది.

దెబ్బలు, కట్లు

కబడ్డీలో ఎక్కువగా దెబ్బతినేవి మోకాలు, మడమ, భుజం, వేళ్ళు. ఈ విషయంలో నగరి ప్రాంతానికి మరెక్కడా లేని ఒక పేరుంది. పుత్తూరు పక్కన రాచపాళెంలో ఎముకలు విరిగినవాళ్ళకు తరతరాలుగా కట్టు కడుతున్నారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ కలిపి కట్టే పుత్తూరు కట్టు కోసం తమిళనాడు, కర్ణాటకల నుంచీ జనం వస్తారు. విరిగిన చేతికి పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చి, గీత బయట కూర్చుని స్కోరు రాసే ఆటగాడు ఇక్కడి గ్రౌండ్లలో వింత కాదు.

అయితే ఎముక విరగడం వేరు, మోకాలి లోపలి లిగమెంటు తెగడం వేరు. రెండోది బయటికి వాపుగానే కనిపిస్తుంది, వారం పది రోజులకు వాపు తగ్గి నడక వచ్చేస్తుంది కూడా. నయమైందనుకుని బరిలోకి దిగితే మలుపు తిరిగిన చోట మోకాలు పట్టు తప్పుతుంది. దానికి స్కానింగు, ఎముకల డాక్టరు తప్పనిసరి. తిరుపతిలో దేవస్థానం నడిపే బర్డ్ ఆసుపత్రి ఎముకలు, కీళ్ళ వైద్యానికే పెట్టింది. దెబ్బ తగిలిన మొదటి గంటలో ఐసు పెట్టి, కాలు ఎత్తులో ఉంచి, ఎక్కడికి తీసుకెళ్ళాలో తేల్చగలిగిన పీడీ ఉన్న జట్టు అదృష్టవంతమైన జట్టు.

విలువ ఎక్కడుంది

చిన్న కాలేజీకి ఒంటి బలంతో ఆడే జట్టు ఆట ఎందుకు అన్న ప్రశ్న అమెరికాలోనూ ఉంది. అక్కడి చిన్న కాలేజీలు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాయి. అక్కడి కాలేజీ క్రీడల మూడో డివిజన్‌లో ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పది మ్యాచ్‌ల వరకు, తర్వాత చదువు. అదీ నేల గెలుచుకునే ఆటే. 11 మంది ఎదుటివాళ్ళను తోసుకుంటూ నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. కాని అక్కడ దాడికి ఒక దళం, కాపుకు ఒక దళం. వంద కిలోలు దాటినవాళ్ళకు ప్రత్యేక స్థానాలు. తలకు హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు. కబడ్డీలో ఆ ఏడుగురే దాడి, ఆ ఏడుగురే కాపు. బరువుకు పరిమితి, ఒంటికి జెర్సీ. జట్టును నిలబెట్టడానికి కాలేజీకి అయ్యే ఖర్చు ముఖ్యంగా బస్సు చార్జీలు, భోజనాలు. మగ్గం నేసే ఇంటి బిడ్డకూ, కూలికి వెళ్ళే ఇంటి బిడ్డకూ ఈ ఆట తలుపు తెరిచే ఉంచిందంటే కారణం ఇదే.

బతుకుదెరువు విలువ కూడా ఉంది. పోలీసు, రైల్వే కొలువులకు స్పోర్ట్స్ కోటా కింద యూనివర్సిటీ, జాతీయ పోటీల సర్టిఫికెట్లు పనికొస్తాయి. 2014లో ప్రో కబడ్డీ లీగ్, దానితో తెలుగు టైటాన్స్ జట్టు వచ్చాక ఆటకు టీవీ వెలుగు తోడైంది. 2023 వేలంలో టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌కు 2.60 కోట్ల రూపాయల పైచిలుకు పెట్టింది. ఆ అంకె విని గ్రౌండుకు వచ్చే కుర్రాళ్ళలో నూటికి తొంభైమంది రైడర్లు కావాలనే వస్తారు.

అదే లీగ్ మరో సంగతి కూడా చూపించింది. ఇరాన్‌కు చెందిన ఫజల్ అత్రాచలి ఎడమ కార్నర్‌లో నిలబడి, మడమ పట్టుతోనే లీగ్‌లో పేరు సంపాదించాడు. 2018 జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్లో భారత పురుషుల జట్టును ఇరాన్ 27-18తో ఓడించింది. 1990 నుంచి చేజారని స్వర్ణం తొలిసారి చేజారింది. మహిళల ఫైనల్లోనూ ఇరానే గెలిచింది. పేరున్న కూతగాళ్ళున్న జట్టు 18 పాయింట్ల దగ్గర ఆగిపోయిందంటే ఎదుటి పట్టు ఎలాంటిదో ఊహించవచ్చు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో భారత్ రెండు స్వర్ణాలూ తిరిగి తెచ్చుకుంది.

చిన్న కాలేజీకి ఈ పాఠం నేరుగా పనికొస్తుంది. గొప్ప రైడరు దొరకడం అదృష్టం. దొరికినా మూడేళ్ళలో వెళ్ళిపోతాడు, లేదా పెద్ద కాలేజీ ముందే తీసుకుపోతుంది. పట్టు అలా ఒక మనిషితో పోదు. ఫైనలియర్ కార్నర్ పక్కన ఇన్‌గా నిలబడిన సెకండియర్ కుర్రాడు ఏడాది పొడవునా ఆ చేతి వేళ్ళ నొక్కుడును, ఆ కాలి అదనును చదువుకుంటాడు. వచ్చే జూన్‌లో ఆ మూలకు వాడే వెళతాడు, వాడి పక్కన ఇంకో కొత్త కుర్రాడు చేయి కలుపుతాడు.